ఎల్లో ఫీవర్ మన దగ్గర లేదు.. దాన్ని మోసే దోమ మాత్రం మన నీళ్ల డ్రమ్ములోనే ఉంది!

కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఏ ఊరికి వెళ్లినా ఇంటి ముందు నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు, సిమెంటు తొట్లు, బిందెలు వరసగా కనిపిస్తాయి. ట్యాంకర్ మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినప్పుడే పట్టి దాచుకోవాలి. అటు గుంటూరు వైపు మిర్చి చేలల్లో మందు కలపడానికి గట్టు మీద డ్రమ్ము ఉండాల్సిందే. కోతల సీజన్లో కర్నూలు వైపు నుంచి వచ్చే కూలీలు వేసుకునే గుడారాల దగ్గరా అవే డ్రమ్ములు.

ఈ నిల్వ నీళ్లలో పెరిగే దోమ పేరు ఏడిస్ ఈజిప్టి. ఒంటి మీద, కాళ్ల మీద తెల్ల చారలుంటాయి. అందుకే టైగర్ దోమ అని కూడా అంటుంటారు. మనకిది డెంగీ దోమగా తెలుసు. కానీ ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో ఇదే దోమ ఇంకా ప్రమాదకరమైన జబ్బును మోస్తుంది. అదే ఎల్లో ఫీవర్.

మన దేశంలో ఎల్లో ఫీవర్ లేదు. అయినా ఆ జబ్బు ఉన్న దేశాల నుంచి విమానం దిగేవాళ్లను 'ఎల్లో కార్డు ఉందా?' అని ఎందుకు అడుగుతారు? లేకపోతే ఆరు రోజులు ఎందుకు ఆపేస్తారు? మన ఊళ్ల నుంచి ఉద్యోగాలకు, వ్యాపారాలకు, చదువులకు ఆ దేశాలు వెళ్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్లూ, ఇక్కడున్న వాళ్ల కుటుంబాలూ తప్పక తెలుసుకోవాల్సిన విషయాలివి.

ఎల్లో ఫీవర్ అంటే పచ్చకామెర్లేనా?

పేరు వినగానే చాలామందికి వచ్చే డౌట్ ఇదే. రెండూ ఒకటి కాదు.

కామెర్లు అనేది ఒక లక్షణం. కాలేయం సరిగా పనిచేయనప్పుడు కళ్లు, ఒళ్లు పచ్చబడతాయి. దానికి కారణాలు బోలెడు. కలుషిత నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ కావచ్చు, ఎలుకల మూత్రం కలిసిన బురద నీళ్ల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు, ముదిరిన మలేరియా కావచ్చు.

ఎల్లో ఫీవర్ మాత్రం ఒక ప్రత్యేకమైన వైరస్ వల్ల వచ్చే జబ్బు. డెంగీ, జపనీస్ ఎన్‌సెఫలైటిస్, జికా వైరస్‌లు ఏ కుటుంబానికి చెందినవో ఇదీ అదే కుటుంబం. జబ్బు ముదిరినప్పుడు కాలేయం దెబ్బతిని కామెర్లు వస్తాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. తెలుగులో కొందరు పసుపు జ్వరం అని రాస్తుంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆఫ్రికాలో 34 దేశాల్లో, మధ్య, దక్షిణ అమెరికాల్లో 13 దేశాల్లో ఈ వైరస్ ఉంది. కొన్ని దేశాల్లో అంతటా ఉంటే, కొన్నింట్లో కొన్ని ప్రాంతాలకే పరిమితం. నైజీరియా, ఘనా, ఉగాండా, కెన్యా, ఇథియోపియా, అంగోలా, కాంగో, బ్రెజిల్, కొలంబియా, పెరూ లాంటివి ఈ జాబితాలో ఉన్నాయి. మన విద్యార్థులు ఎంబీబీఎస్ కోసం వెళ్తున్న గయానా కూడా ఉంది.

ఇది పాతబడిపోయిన జబ్బు అనుకుంటే పొరపాటే. కొలంబియాలో తొలిమా అనే ప్రాంతంలో కేసులు పెరగడంతో 2025 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది.

ఎలా వ్యాపిస్తుంది?

ఈ వైరస్ అసలు నివాసం అడవి. అక్కడ కోతుల్లో ఉంటుంది. కోతిని కుట్టిన దోమ ఇంకో కోతిని కుడుతుంది. అలా అడవిలోనే తిరుగుతూ ఉంటుంది. కలప కొట్టడానికో, గనుల్లో పనికో, వేటకో అడవిలోకి వెళ్లిన మనిషిని ఆ దోమ కుడితే వైరస్ మనిషికి వస్తుంది.

ఆఫ్రికాలో అడవికి, పొలాలకు మధ్య ఉండే పల్లెల్లో కోతులనూ మనుషులనూ రెంటినీ కుట్టే దోమలున్నాయి. అక్కడ చిన్న చిన్నగా కేసులు వస్తుంటాయి.

అసలు ప్రమాదం మూడో దశలో ఉంది. వైరస్ ఉన్న మనిషి బస్సెక్కో, విమానం ఎక్కో జనం కిక్కిరిసిన పట్టణానికి వస్తాడు. అక్కడ ఇళ్ల మధ్య పెరిగే ఏడిస్ ఈజిప్టి అతన్ని కుడుతుంది. వైరస్ దోమ ఒంట్లో పెరగడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత ఆ దోమ బతికున్నంత కాలం కుట్టిన మనిషికల్లా వైరస్ ఎక్కిస్తూనే ఉంటుంది. ఇక అడవితో, కోతులతో పని లేదు. మనిషి, దోమ, మళ్లీ మనిషి. పట్టణాల్లో పెద్ద పెద్ద విజృంభణలు ఇలాగే వచ్చాయి.

రోగిని ముట్టుకుంటే, పక్కన కూర్చుంటే, కలిసి తింటే ఇది రాదు. మధ్యలో దోమ ఉండాల్సిందే. జ్వరం మొదలవడానికి కాస్త ముందు నుంచి, మొదలయ్యాక మూడు నుంచి ఐదు రోజుల వరకు రోగి రక్తంలో వైరస్ ఎక్కువగా ఉంటుంది. అందుకే ఆ రోజుల్లో రోగిని పగలు కూడా దోమతెరలో ఉంచాలంటారు డాక్టర్లు.

పగలు ఎందుకంటే, ఏడిస్ కుట్టేది పగలే. తెల్లవారిన కొద్ది గంటల్లో, సాయంత్రం చీకటి పడేముందు దీని జోరు ఎక్కువ. రాత్రి పడుకునేటప్పుడు దోమతెర కట్టుకుంటే మలేరియా దోమ నుంచి రక్షణ దొరుకుతుంది. ఈ దోమ విషయంలో అదొక్కటే సరిపోదు.

దోమ ఇక్కడే ఉంది.. మరి జబ్బు ఎందుకు రాలేదు?

వైద్య శాస్త్రంలో ఇంతవరకు పూర్తిగా తేలని ప్రశ్నల్లో ఇదొకటి. ఆసియాలో దోమ ఉంది, ఎండ ఉంది, జనం ఉన్నారు. వైరస్ మాత్రం స్థిరపడలేదు.

శాస్త్రవేత్తలు చెప్పే కారణాలు కొన్ని ఉన్నాయి. మన జనంలో చాలామందికి డెంగీ వచ్చిపోయి ఉంటుంది. రెండూ ఒకే కుటుంబపు వైరస్‌లు కాబట్టి ఆ రోగనిరోధక శక్తి కొంత అడ్డుపడుతుందేమో అన్నది ఒక వాదన. ఆసియా దోమలు ఈ వైరస్‌ను అంత బాగా మోయలేవేమో అన్నది ఇంకోటి. అసలు తగినన్ని సార్లు వైరస్ ఇక్కడి దాకా రాలేదు, అదృష్టం అంతే అన్నది మూడోది. ఏదీ గ్యారంటీ కాదు.

ఆ అదృష్టానికి 2016లో పరీక్ష ఎదురైంది. అంగోలా రాజధాని లువాండాలో 2015 డిసెంబర్‌లో ఎల్లో ఫీవర్ మొదలై దేశమంతా పాకింది. పక్కనున్న కాంగోకూ వెళ్లింది. ఆ సమయంలో అంగోలాలో పనిచేస్తున్న చైనా కార్మికుల్లో 11 మంది వైరస్‌తోనే సొంత దేశానికి తిరిగొచ్చారు. ఆసియాలో నిర్ధారణ అయిన తొలి కేసులు అవే.

అక్కడి నుంచి స్థానికంగా వ్యాపించలేదు. అప్పటికి అది దోమల సీజన్ కాకపోవడం కూడా కలిసొచ్చిందని నిపుణులు విశ్లేషించారు. అంగోలా, కాంగోల్లో దాదాపు 3 కోట్ల మందికి టీకాలు వేశాక గానీ ఆ విజృంభణ ఆగలేదు. టీకాలు చాలక కాంగో రాజధాని కిన్షాసాలో ఒక్కొక్కరికి పూర్తి డోసులో అయిదో వంతు మాత్రమే ఇవ్వాల్సి వచ్చింది.

వైరస్ ఉన్న మనిషి విమానంలో ఒక్క రోజులో ఆసియాకు రాగలడని ఆ 11 కేసులు తేల్చేశాయి. అలాంటి మనిషి ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో, డెంగీ దోమలు విపరీతంగా ఉన్న ఊళ్లో దిగితే? ఎయిర్‌పోర్టులో ఎల్లో కార్డు అడగడం వెనకున్న భయం ఇదే.

లక్షణాలు ఏంటి? రెండు దశలు.. మధ్యలో మోసం

దోమ కుట్టిన 3 నుంచి 6 రోజుల్లో లక్షణాలు మొదలవుతాయి. చాలామందిలో ఏ లక్షణమూ కనిపించకుండానే పోతుంది కూడా.

మొదటి దశలో ఉన్నట్టుండి జ్వరం, చలి, తలనొప్పి, ఒళ్లు నొప్పులు వస్తాయి. ముఖ్యంగా నడుము నొప్పి బాగా ఉంటుంది. ఆకలి ఉండదు, వికారం, వాంతులు. చూస్తే మామూలు వైరల్ ఫీవర్‌లానో, డెంగీలానో ఉంటుంది. మూడు, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. ఎక్కువమంది ఇక్కడితో కోలుకుంటారు.

అసలు మోసం ఇక్కడే ఉంది. సుమారు 15 శాతం మందిలో, జ్వరం తగ్గి హమ్మయ్య అనుకున్న 24 గంటల్లోపే రెండో దశ మొదలవుతుంది. మళ్లీ తీవ్రమైన జ్వరం వస్తుంది. కళ్లు, ఒళ్లు పచ్చబడతాయి. కడుపునొప్పి, వాంతులు. మూత్రం ముదురు రంగులోకి మారుతుంది. నోటి నుంచి, ముక్కు నుంచి, కళ్ల నుంచి, కడుపులో రక్తస్రావం కావచ్చు. కాలేయం, కిడ్నీలు దెబ్బతింటాయి. ఈ దశకు చేరినవాళ్లలో సగం మంది 7 నుంచి 10 రోజుల్లో చనిపోతున్నారు.

అందుకే 'జ్వరం తగ్గింది కదా' అని ఆ రెండు రోజులు నిర్లక్ష్యం చేయకూడదు. డెంగీలో కూడా జ్వరం తగ్గే సమయమే అసలు జాగ్రత్తగా ఉండాల్సిన సమయం అని డాక్టర్లు చెప్పేది ఇలాంటి కారణం వల్లే.

పసరు మందుతో ఆగొద్దు.. ఎక్కడి నుంచి వచ్చారో డాక్టర్‌కు చెప్పండి

మన దగ్గర కళ్లు పచ్చబడితే చాలామంది ముందు వెళ్లేది పసరు మందు పోసేవాళ్ల దగ్గరికే. 'ఫలానా ఊళ్లో కామెర్లకు మందు బాగా ఇస్తారు' అని పక్కింటివాళ్లు చెబుతారు. పథ్యం పెడతారు. నాలుగు రోజులు అలా గడిచిపోతాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. నరసరావుపేట దగ్గరి ఒక కుర్రాడు ఆఫ్రికాలో ఉద్యోగం చేస్తూ సంక్రాంతికి ఇంటికి వచ్చాడనుకోండి. వచ్చిన మూడో రోజు జ్వరం. 'ప్రయాణపు బడలికలేరా అబ్బాయ్, నీళ్లు మారాయి కదా' అంటుంది అమ్మ. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక ఇంజెక్షన్ చేస్తాడు, తగ్గుతుంది. ఆ తర్వాత కళ్లు పచ్చబడితే పసరు మందు. అప్పటికి వారం అయిపోతుంది. ఇన్ని రోజుల్లో అతను ఎక్కడి నుంచి వచ్చాడో ఏ డాక్టరూ అడగలేదు, వీళ్లూ చెప్పలేదు.

ఇలాంటి కుర్రాడికి ఎల్లో ఫీవర్ కంటే మలేరియా ఉండే అవకాశమే చాలా ఎక్కువ. ఆఫ్రికాలో ఉండే ఫాల్సిపేరం రకం మలేరియా కొద్ది రోజుల్లోనే మెదడు దాకా వెళ్లి ప్రాణం తీయగలదు. సకాలంలో రక్తపరీక్ష చేసి మందులు వాడితే పూర్తిగా తగ్గుతుంది. ఏ జబ్బయినా సరే, వారం ఆలస్యం చేయడమే అసలు ప్రమాదం.

కాబట్టి విదేశాల నుంచి వచ్చిన వ్యక్తికి జ్వరం వస్తే డాక్టర్‌కు మొదట చెప్పాల్సినవి మూడు. ఏ దేశం నుంచి వచ్చారు, ఏ రోజు వచ్చారు, ఏ టీకాలు వేయించుకున్నారు. ఈ మూడూ తెలిస్తే ఏ పరీక్షలు చేయాలో డాక్టర్ తేల్చుకోగలరు. ఎల్లో ఫీవర్ అనుమానం వస్తే రక్త నమూనాలను పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ లాంటి పెద్ద ల్యాబ్‌కు పంపాల్సి ఉంటుంది.

మందు ఉందా?

ఈ వైరస్‌ను నేరుగా చంపే మందు ఇప్పటికైతే లేదు. ఆస్పత్రిలో చేర్చి, ఒంట్లో నీటి శాతం తగ్గకుండా చూసి, కాలేయాన్ని, కిడ్నీలను కాపాడుతూ చికిత్స చేస్తారు.

జ్వరానికి పారాసిటమాల్ వాడాలి, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులోనే. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వాడకూడదు. రక్తస్రావం ముప్పును అవి పెంచుతాయి. డెంగీకీ ఇదే సూత్రం. అందుకే జ్వరానికి మెడికల్ షాపులో 'ఏదో ఒకటి ఇవ్వండి' అని అడిగి నొప్పుల మాత్ర వేసుకునే అలవాటు మానుకోవాలి.

ఒక్క టీకా.. జీవితాంతం రక్షణ

చికిత్స లేని ఈ జబ్బుకు టీకా మాత్రం అద్భుతంగా పనిచేస్తుంది. 1937లో దక్షిణాఫ్రికాలో పుట్టిన శాస్త్రవేత్త మాక్స్ టైలర్, ఆయన బృందం అమెరికాలో దీన్ని తయారు చేశారు. పేరు 17డి. దీనికే ఆయనకు 1951లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నది దాని నుంచి వచ్చిన టీకానే.

ఒక్క డోసు చాలు. పది రోజుల్లో ఎక్కువమందికి, నెల తిరిగేసరికి దాదాపు అందరికీ రక్షణ వస్తుంది.

టీకా ఎక్కడ వేస్తారు? ప్రతి ఆస్పత్రిలో దొరకదు. కేంద్ర ఆరోగ్య శాఖ గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. తెలుగువాళ్లకు బాగా తెలిసినవి హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖపట్నంలోని పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్. చాలా కేంద్రాల్లో వారంలో కొన్ని రోజులే వేస్తారు. కాబట్టి ఒంగోలు నుంచో, గుంటూరు నుంచో బయల్దేరే ముందు ఏ రోజు వేస్తారో కనుక్కోండి, అపాయింట్‌మెంట్ తీసుకోండి. పాస్‌పోర్టు తప్పనిసరి.

ఎప్పుడు వేయించుకోవాలి? ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు. టీకా వేసుకున్న పది రోజుల తర్వాత గానీ సర్టిఫికెట్ చెల్లదు. రేపు ఫ్లైట్ అనగా ఈరోజు వేయించుకుంటే కాగితం చేతిలో ఉన్నా ఉపయోగం ఉండదు. వీసా రాగానే కాదు, ప్రయాణం అనుకోగానే పని మొదలుపెట్టడం మంచిది.

సర్టిఫికెట్ ఎన్నాళ్లు చెల్లుతుంది? గతంలో పదేళ్లే. 2016 జూలై 11 నుంచి నిబంధన మారింది. ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది. పాత కార్డుల మీద పదేళ్ల గడువు రాసి ఉన్నా సరే. అందుకే కార్డు పోగొట్టుకోవద్దు. పాస్‌పోర్టుతోపాటే ఉంచండి.

ఎవరు వేయించుకోకూడదు? ఇందులో ఉండేది బలహీనపరిచిన సజీవ వైరస్. 9 నెలల లోపు పిల్లలకు మామూలుగా వేయరు. గర్భిణులకు, గుడ్డు తింటే తీవ్రమైన అలర్జీ వచ్చేవాళ్లకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు, థైమస్ గ్రంథి సమస్య ఉన్నవాళ్లకు కూడా సాధారణంగా వేయరు. 60 దాటినవాళ్లు మొదటిసారి వేయించుకుంటుంటే డాక్టర్ లాభనష్టాలు చూసి నిర్ణయిస్తారు. బిడ్డకు పాలిచ్చే తల్లులు ముందే చెప్పాలి. క్యాన్సర్ చికిత్స, స్టెరాయిడ్లు వాడుతుంటే దాచకుండా చెప్పండి.

సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయా? కొందరికి నాలుగైదు రోజులు కొద్దిగా జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు ఉంటాయి. తీవ్రమైన సమస్యలు చాలా అరుదు. వేయించుకున్న తర్వాత అరగంట అక్కడే కూర్చోమంటారు, కూర్చోండి.

ఒక హెచ్చరిక. 'టీకా అక్కర్లేదు, కార్డు మాత్రం ఇప్పిస్తాం' అనే ఏజెంట్లను నమ్మొద్దు. దొంగ కార్డు ఒకవేళ ఎయిర్‌పోర్టు దాటించినా దోమను ఆపదు.

తిరిగొచ్చేటప్పుడు ఏమవుతుంది?

వెళ్లేటప్పుడు ఆ దేశం అడగకపోయినా, వచ్చేటప్పుడు మన దేశం అడుగుతుంది. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు భారత్‌లో దిగితే చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ చూపించాలి. లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు. పసిపిల్లలకు మినహాయింపు ఉంది.

ఆరు రోజులే ఎందుకు? దోమ కుట్టాక లక్షణాలు బయటపడటానికి పట్టే గరిష్ఠ సమయం అది. ఆరు రోజులూ జ్వరం రాకపోతే ఆ మనిషికి ఇక జబ్బు బయటపడే అవకాశం చాలా తక్కువ. పది రోజుల లెక్క టీకా పనిచేయడానికి, ఆరు రోజుల లెక్క జబ్బు బయటపడటానికి. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకుంటే రూల్ మొత్తం గుర్తుంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మీరు పనిచేసే దేశంలో ఎల్లో ఫీవర్ లేకపోయినా, మధ్యలో ఆడిస్ అబాబా, నైరోబీ లాంటి చోట విమానం మారితే ప్రశ్న వస్తుంది. ఎయిర్‌పోర్టు దాటి బయటకు వెళ్లకపోతే మినహాయింపు ఇవ్వొచ్చు, కానీ అది ఆరోగ్య అధికారి ఒప్పుకుంటేనే. చెల్లెలి పెళ్లికో, తండ్రి ఆపరేషన్‌కో హడావుడిగా వస్తూ ఢిల్లీలోనో ముంబైలోనో ఆరు రోజులు ఆగిపోవడం కంటే కార్డు దగ్గర ఉంచుకోవడమే నయం కదా.

ఓడల్లో నీళ్ల పీపాల నుంచి పనామా కాలువ దాకా

డ్రమ్ముకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం ఈనాటిది కాదు. ఆఫ్రికా నుంచి బానిసలను అమెరికా ఖండాలకు తరలించిన ఓడల్లోనే వైరస్, దోమ రెండూ సముద్రం దాటాయి. ఓడల్లో తాగునీళ్లు దాచే చెక్క పీపాలే ఆ దోమకు ఇల్లు. 1793లో అప్పటి అమెరికా రాజధాని ఫిలడెల్ఫియాలో ఎల్లో ఫీవర్ ప్రబలి సుమారు 5 వేల మంది చనిపోయారు. చెడు గాలి వల్ల వస్తుందని అప్పట్లో నమ్మేవాళ్లు.

1881లో క్యూబా డాక్టర్ కార్లోస్ ఫిన్లే 'ఇది దోమ పని' అని చెబితే ఎవరూ పట్టించుకోలేదు. దాదాపు ఇరవై ఏళ్లు ఆయన మాట నెగ్గలేదు. ఈలోగా 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిములను చూశారు. దోమ జబ్బును మోయగలదన్న విషయానికి బలం వచ్చింది. 1900లో క్యూబాలో వాల్టర్ రీడ్ నేతృత్వంలోని అమెరికా సైనిక వైద్యుల బృందం ఫిన్లే చెప్పింది నిజమేనని నిరూపించింది. ఆ ప్రయోగాల సమయంలో బృందంలోని డాక్టర్ జెస్సీ లాజియర్ ఇదే జబ్బుతో చనిపోయారు.

ఆ తర్వాత పనామా కాలువ. మొదట ఫ్రెంచివాళ్లు తవ్వడం మొదలుపెడితే ఎల్లో ఫీవర్, మలేరియా లాంటి జబ్బులతో వేలమంది కార్మికులు చనిపోయారు. తర్వాత అమెరికన్లు వచ్చినప్పుడు విలియం గోర్గాస్ అనే డాక్టర్ పని ఎక్కడ మొదలుపెట్టారో తెలుసా? నీళ్ల పీపాలకు మూతలు పెట్టించారు. కిటికీలకు జాలీలు కొట్టించారు. నిల్వ నీళ్లను పారబోయించారు. టీకా రావడానికి ముప్పై ఏళ్ల ముందే, మూతలతో, జాలీలతో అక్కడ ఎల్లో ఫీవర్ ఆగింది. 1914లో కాలువ ప్రారంభమైంది.

మరి మన ఇంట్లో డ్రమ్ము సంగతి?

గోర్గాస్ చేసిన పనే మన ఆరోగ్య శాఖ 'ఫ్రైడే డ్రై డే' పేరుతో చేయమంటోంది. వారానికి ఒక్క రోజే ఎందుకంటే, ఈ దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమగా మారడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్లు ఖాళీ చేస్తే లార్వా దోమ కాకముందే పోతుంది.

అయితే నీళ్లు పారబోస్తే సరిపోదు. ఏడిస్ గుడ్లు నీటి అంచుకు కాస్త పైన డ్రమ్ము గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్లు లేకుండా ఎండిపోయినా నెలల తరబడి బతికుంటాయి. మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే కొబ్బరి పీచుతోనో, బ్రష్‌తోనో డ్రమ్ము లోపలి గోడలు గట్టిగా రుద్ది కడగాలి.

నీళ్లకు ఇబ్బంది ఉన్న ఊళ్లలో వారం వారం పారబోయమనడం తేలికే, చేయడమే కష్టం. అలాంటిచోట గట్టి మూత పెట్టండి. మూత లేకపోతే పాత చీరో, దోమతెర గుడ్డో నాలుగు మడతలు వేసి తాడుతో బిగించండి. డ్రమ్ము అడుగంటినప్పుడు ట్యాంకర్ వచ్చేలోపు రుద్ది కడిగేయండి. వాడకం నీళ్ల సిమెంటు తొట్లలో గంబూషియా చేపలు వేయొచ్చు, అవి లార్వాను తినేస్తాయి.

మురుగు కాలువ మీద అందరికీ కోపం ఉంటుంది. కానీ ఏడిస్‌కు ఇష్టమైనవి మన కళ్ల ముందే ఉన్న శుభ్రమైన నిల్వ నీళ్లు. కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింద పళ్లెం, పాత టైరు, కొబ్బరి చిప్ప, పశువుల తొట్టి. ఈ దోమ సాధారణంగా కొన్ని వందల మీటర్ల కంటే ఎక్కువ దూరం ఎగరదు. అంటే మిమ్మల్ని కుట్టిన దోమ మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పుట్టిందన్నమాట. పొగ కొట్టే బండి ఎగిరే దోమలను కొంతవరకు చంపుతుంది. డ్రమ్ములోని గుడ్లను ఏమీ చేయలేదు.

పత్తి, మిర్చి రైతులకు ప్రత్యేకంగా రెండు మాటలు. చేను గట్టు మీద మందు కలిపే డ్రమ్మును పని అయ్యాక బోర్లించండి, లేదా మూత పెట్టండి. రెండోది ఇంకా ముఖ్యం. దోమ పిల్లలు చస్తాయని ఇంట్లో ఉన్న పురుగు మందును నీళ్ల డ్రమ్ములో ఎట్టిపరిస్థితుల్లో వేయొద్దు. పురుగు మందుల డబ్బాలను, డ్రమ్ములను ఎంత కడిగినా నీళ్లు పట్టుకోవడానికి వాడొద్దు. లార్వాను చంపడానికి ఆరోగ్య సిబ్బంది వాడే మందు వేరు, దాని మోతాదు వేరు. అది వాళ్లే వేయాలి.

ఒక్కసారి గుర్తుచేసుకుందాం

ఎల్లో ఫీవర్ ఉన్న దేశానికి వెళ్తుంటే పది రోజుల ముందే టీకా. కార్డు పాస్‌పోర్టుతోపాటు. అక్కడ పగలు కూడా ఒళ్లు కప్పే బట్టలు, దోమల క్రీమ్. తిరిగొచ్చాక జ్వరం వస్తే అదే రోజు ఆస్పత్రి, మొదటి మాటగా దేశం పేరు. కళ్లు పచ్చబడితే పసరు మందు కోసం తిరగొద్దు.

ఎక్కడికీ వెళ్లనివాళ్లకు ఉన్న పని ఒక్కటే. శుక్రవారం పొద్దున డ్రమ్ము రుద్ది కడగడం. ఎయిర్‌పోర్టులో ఒక్క కేసు తప్పించుకుని ఊళ్లోకి వచ్చినా, కుట్టడానికి దోమ లేకపోతే జబ్బు అక్కడితో ఆగిపోతుంది. ఎల్లో ఫీవర్ సంగతి ఎలా ఉన్నా, ఈ ఏడాది మీ వీధిలో డెంగీ కేసులు తగ్గేది మాత్రం ఆ డ్రమ్ము దగ్గరే.